సంతకం పెట్టిందెవరు, పెట్టించిందెవరు?

2025 జూలైలో సికింద్రాబాద్‌లోని ఒక ఫెర్టిలిటీ సెంటర్ మీద పోలీసులు పెట్టిన కేసు చాలామందికి గుర్తుండే ఉంటుంది. పిల్లల కోసం వెళ్ళిన దంపతులకు సరోగసీ చేయిస్తామని చెప్పి దాదాపు 35 లక్షలు తీసుకున్నారు. మీ బిడ్డను మోస్తున్న ఆమె విశాఖపట్నంలో ఉందని, కాన్పు కూడా అక్కడే అయిందని చెప్పి ఒక పసివాణ్ణి చేతిలో పెట్టారు. అనుమానం వచ్చి డీఎన్ఏ పరీక్ష చేయిస్తే ఆ బిడ్డకూ వీళ్ళకూ ఏ సంబంధమూ లేదని తేలింది. పోలీసులు చెప్పినదాని ప్రకారం ఆ బిడ్డ అస్సాంకు చెందిన ఒక పేద జంటకు పుట్టినవాడు. వాళ్ళకు ముట్టింది 90 వేలు.

మోసపోయిన దంపతుల గురించి మనం బాగానే మాట్లాడుకున్నాం. ఆ 90 వేలు తీసుకున్న తల్లి గురించి అంతగా మాట్లాడుకోలేదు. బిడ్డను వేరే చేతుల్లో పెట్టే ముందు ఆమెకు ఎవరు ఏం చెప్పారు? వద్దు అనే వీలు ఆమెకు ఉందా? సరోగసీకి, జన్యు పరీక్షలకు, అవయవ మార్పిడికి మన దేశంలో వేర్వేరు చట్టాలున్నాయి, వేర్వేరు కమిటీలున్నాయి. చిక్కు వచ్చి పడే చోటు మాత్రం అన్నిట్లోనూ ఒకటే. ఒప్పుకున్నట్టు కాగితం మీద రాసుకున్నారు సరే, అది నిజంగా ఆ మనిషి ఇష్టమేనా? డబ్బు చేతులు మారకుండా చూడటానికి మన చట్టాలు పడిన తాపత్రయంలో సగం కూడా ఇంట్లోవాళ్ళ ఒత్తిడి నుంచి మనిషిని కాపాడటానికి పడలేదని నా అభిప్రాయం.

ముందు కిడ్నీ సంగతి చూద్దాం. ఉత్తరాంధ్రలో అది ఎవరికీ కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు వైపు ఊళ్ళలో, అంటే ఉద్దానంలో, కిడ్నీ జబ్బు ఎందుకింతగా వస్తోందో ఇన్నేళ్ళయినా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చేదాకా అక్కడివాళ్ళకు పెద్ద దిక్కు విశాఖలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్చే. కిడ్నీలు వడకట్టలేక రక్తంలో పేరుకునే క్రియాటినిన్ పెరుగుతూ పోతుంది. డయాలసిస్ మొదలవుతుంది. వారానికి రెండు మూడు సార్లు, వెళ్ళినప్పుడల్లా నాలుగేసి గంటలు మెషీన్ పక్కన. పేషెంటు పనికి పోలేడు, వెంట వచ్చినవాళ్ళ కూలీ కూడా పోతుంది. ఇక కిడ్నీ మార్పిడి ఒక్కటే దారి అని డాక్టరుగారు అన్న రోజు, ఇంట్లో అందరి చూపూ ఎవరో ఒకరి మీదికి మళ్ళుతుంది.

అవయవ మార్పిడి మీద కేంద్ర చట్టం 1994లో వచ్చింది, 2011లో సవరించారు. అవయవాలు కొనడం, అమ్మడం నేరం. బతికున్న మనిషి కిడ్నీ ఇవ్వాలంటే దగ్గరి బంధువై ఉండాలి. భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు ఆ లెక్కలోకి వస్తారు. సవరణ తరవాత తాతలు, అమ్మమ్మ, నానమ్మ, మనవలు కూడా చేరారు. బావమరిది, వదిన, స్నేహితుడు లాంటివాళ్ళు ఇస్తామంటే, అది అభిమానంతోనే ఇస్తున్నారని ఆథరైజేషన్ కమిటీ ముందు నిరూపించుకోవాలి.

ఒక ఇల్లు ఊహించుకోండి. సోంపేట దగ్గర కొబ్బరి, జీడి తోట ఉన్న నలభై రెండేళ్ళ మనిషి. తల్లికి షుగరు, ఆమె ఇవ్వడానికి వీల్లేదు. భార్య బ్లడ్ గ్రూపు కలవలేదు. తమ్ముడు పరీక్షకు వస్తానంటూనే రెండుసార్లు వాయిదా వేశాడు. గాజువాకలో కాపురం ఉంటున్న చెల్లెలి గ్రూపు సరిపోయింది. ఆమెకు ముప్పై నాలుగు, ఇద్దరు చిన్నపిల్లలు. ఇవ్వమని ఆమెను ఎవరూ గట్టిగా అడగరు. "నీ ఇష్టం తల్లీ, మేమేం బలవంతం చెయ్యం" అంటూనే అమ్మ కళ్ళు తుడుచుకుంటుంది. అత్తగారింట్లో "నీ ఆరోగ్యం పాడైతే పిల్లల గతేంటి" అంటారు. కమిటీ గదిలో ఇంటర్వ్యూను వీడియో తీస్తారు. "ఏమ్మా, నీ ఇష్టంతోనే ఇస్తున్నావా?" అని అడుగుతారు. "అవునండి" అంటుంది. ఆ గదిలో వినిపించేది ఆ ఒక్క మాటే, ఫైలులోకి ఎక్కేదీ అదే.

ఆమె నిజంగా మనస్ఫూర్తిగానే ఇస్తుండవచ్చు. తోబుట్టువు కోసం కిడ్నీ ఇచ్చి సంతోషంగా ఉన్నవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళ ప్రేమను శంకించడం నా ఉద్దేశం కాదు. కానీ మొత్తం లెక్క చూస్తే గుండె బరువెక్కుతుంది. జాతీయ అవయవ మార్పిడి సంస్థ లెక్కల ప్రకారం 1995 నుంచి 2021 దాకా దేశంలో 36,640 మార్పిడులు జరిగితే, అందులో అవయవం పొందిన ఆడవాళ్ళు 6,945 మంది మాత్రమే. మిగిలిన 29 వేలకు పైగా మగవాళ్ళకే. బతికుండి ఇచ్చినవాళ్ళలో మాత్రం ఆడవాళ్ళదే పైచేయి. మగవాళ్ళకు జబ్బులు కాస్త ఎక్కువే అనుకున్నా ఇంత తేడా శరీరం వల్ల వచ్చింది కాదు. సంపాదించే మనిషి బతకాలి, ఇంట్లో ఉండే మనిషి ఇవ్వాలి అనే లెక్క అది.

ఈ సంగతి చట్టం రాసినవాళ్ళకు తెలియక కాదు. దాత స్త్రీ అయితే మరింత జాగ్రత్త తీసుకోవాలని, ఆమె స్వతంత్రంగా ఒప్పుకుందో లేదో అవయవం పుచ్చుకునే మనిషి కాకుండా వేరొకరు ధ్రువీకరించాలని 2014 కేంద్ర నిబంధనల్లోనే ఉంది. మంచి నిబంధన. కానీ ఆ వేరొకరు ఎవరు? పేషెంటు అన్నగారో, మేనమామో అయితే ఆ ధ్రువీకరణకు అర్థమేముంది?

కొన్ని చోట్ల డాక్టర్లు పాటించే పద్ధతి ఒకటుంది. దాతను ఒంటరిగా కూర్చోబెట్టి, "మీకు ఇవ్వాలని లేకపోతే నాకొక్కరికే చెప్పండి, మీ కిడ్నీ సరిపోలేదని మీవాళ్ళకు నేను చెబుతాను" అంటారు. డాక్టరు అబద్ధం చెప్పవచ్చా అని వైద్య నీతి చదివినవాళ్ళు దీని మీద వాదించుకుంటారు. నా మటుకు, ఆడపిల్ల పుట్టింట్లో తలెత్తుకుని తిరగగలిగేలా చేసే ఆ అబద్ధం తప్పు కాదు. వద్దంటే ఆమె అన్నను చంపిన చెల్లెలు అవుతుంది. ఆ భారం తెలిసి కూడా నిజం నువ్వే చెప్పుకో అనడం న్యాయం కాదు. "దాతగా తగరు" అని కారణం రాయకుండా ఊరుకోవడం ఇంకా మెరుగైన మార్గం. అందులో అబద్ధం కూడా లేదు.

మరి డబ్బిచ్చి కొనుక్కోనిస్తే ఈ ఇంటి గొడవే ఉండదు కదా అనేవాళ్ళున్నారు. ఇరాన్‌లో ప్రభుత్వ పర్యవేక్షణలో కిడ్నీ ఇచ్చినవాళ్ళకు డబ్బు ఇచ్చే పద్ధతి 1980ల చివరి నుంచి ఉంది. మన దగ్గర ఏమవుతుందో తెలుసుకోవడానికి అంత దూరం పోనక్కర్లేదు. చెన్నైలో కిడ్నీ అమ్ముకున్న 305 మందిని కలిసి చేసిన సర్వే 2002లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. వాళ్ళలో 96 శాతం మంది అమ్ముకున్నది అప్పులు తీర్చడానికే. ఆపరేషన్ తరవాత వాళ్ళ కుటుంబ ఆదాయం సగటున మూడో వంతు తగ్గింది. దాదాపు నాలుగింట మూడొంతుల మంది సర్వే నాటికి ఇంకా అప్పుల్లోనే ఉన్నారు. మీరైతే ఇంకొకరికి అమ్ముకోమని సలహా ఇస్తారా అంటే 79 శాతం మంది ఇవ్వం అన్నారు. విశాఖలో 2019లో బయటపడిన కిడ్నీ కేసు కూడా, ఇస్తామన్న డబ్బు పూర్తిగా ఇవ్వలేదని కిడ్నీ పోగొట్టుకున్న మనిషి ఫిర్యాదు చేయడంతోనే మొదలైంది. 2023లో మళ్ళీ అలాంటిదే. అమ్మకాన్ని నిషేధించడం సరైన పనే. అయితే నిషేధంతో ఒత్తిడి మాయమైపోలేదు. బ్రోకరు చేతిలోంచి బంధువుల చేతిలోకి మారింది.

బతికున్నవాళ్ళ మీద ఈ భారం తగ్గాలంటే బ్రెయిన్ డెడ్ అయినవాళ్ళ నుంచి అవయవాలు రావాలి. ఇక్కడ జనానికున్న భయం వేరు. వెంటిలేటర్ మీద ఛాతీ పైకీ కిందికీ కదులుతుంటుంది, ఒళ్ళు వెచ్చగా ఉంటుంది, మానిటర్‌లో గుండె కొట్టుకుంటుంటుంది. ఇంకా ప్రాణం ఉండగానే కోసేస్తారేమో అనిపించడం సహజం. కోమాకూ దీనికీ తేడా ఉంది. కోమాలో మెదడు పనిచేస్తూనే ఉంటుంది, కోలుకునే అవకాశం ఉంటుంది. బ్రెయిన్ డెత్‌లో మెదడు కాండం పూర్తిగా చచ్చిపోతుంది, సొంతంగా ఒక్క శ్వాస కూడా తీసుకోలేరు. నలుగురు డాక్టర్లు ధ్రువీకరించాలి. కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి. మార్పిడి చేసే టీములోని డాక్టరు ఆ నలుగురిలో ఉండకూడదు. తరవాత అవయవాలు ఎవరికి వెళ్ళాలో రాష్ట్రంలో అవయవదాన పథకమైన జీవన్‌దాన్ జాబితా ప్రకారం నిర్ణయిస్తారు. ఒప్పుకున్నాక అవయవాలు తీసేదాకా అయ్యే ఖర్చు దాత కుటుంబం మీద వేయకూడదని నిబంధన ఉంది. బిల్లులో ఆ లెక్క కనబడితే అడగండి. దానం చేస్తానని బతికుండగా కార్డు తీసుకున్నా, చివరికి ఇంట్లోవాళ్ళు సరేనంటేనే జరుగుతుంది. అందుకే కార్డు తీసుకున్న రోజే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవడం అవసరం. ఐసీయూ బయట బెంచీ మీద కూర్చుని, ఏడుస్తూ తీసుకోవాల్సిన నిర్ణయం కాదది.

ఇక సరోగసీకి వద్దాం. 2021లో వచ్చిన చట్టం 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. గర్భాన్ని అద్దెకిచ్చి డబ్బు సంపాదించడం నిషేధం. ఆస్పత్రి ఖర్చులు, మూడేళ్ళ బీమా తప్ప మోసే ఆమెకు ఇంకేమీ ఇవ్వకూడదు. ఆమె వయసు 25 నుంచి 35 మధ్య ఉండాలి, పెళ్ళయి సొంత బిడ్డ ఉండాలి, జీవితంలో ఒక్కసారే మొయ్యాలి. అండం ఆమెది కాకూడదు. మేజిస్ట్రేటు కోర్టు నుంచి తల్లిదండ్రులెవరో చెప్పే ఉత్తర్వు ముందే తెచ్చుకోవాలి. కాబట్టి ఏ సెంటరైనా కోర్టు పని లేదు, అంతా మేం చూసుకుంటాం, ఆమెను మీరు కలవనక్కర్లేదు అంటే ఆ మెట్లు అక్కడే దిగిపోండి.

డబ్బు లేకుండా తొమ్మిది నెలలు మొయ్యడానికి ఎవరు ముందుకొస్తారు? మళ్ళీ చూపు ఇంటివైపే తిరుగుతుంది. మరదలో, పిన్ని కూతురో, తోటికోడలో. ఆమెకు ఆర్థికంగా వీళ్ళ మీద ఆధారపడిన కాపురమే ఉంటే, కిడ్నీ విషయంలో గాజువాక చెల్లెలికి ఎదురైనదే ఈమెకూ ఎదురవుతుంది. తొమ్మిది నెలల పనికి, ఒంటి మీద మిగిలే కుట్లకు పైసా ఇవ్వకపోవడం త్యాగమని చట్టం అంటోంది. నాకది అన్యాయంగానే కనిపిస్తుంది. కిడ్నీ అమ్మకాన్ని తప్పని, దీనికి మాత్రం ఏదో ఒక పరిహారం ఉండాలని అనడంలో తేడా ఏముందని అడగవచ్చు. కిడ్నీ పోతే తిరిగి రాదు. గర్భం పోగొట్టుకునే అవయవం కాదు, కాలం పెట్టి చేసే కష్టం. పోయిన నెలల కూలీని ప్రభుత్వం ద్వారా, ఇంత అని ముందే తేల్చి ఇప్పించవచ్చు. అది బిడ్డ వెల కాదు.

వయసు పరిమితుల మీద కూడా వాదనలున్నాయి. 2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్బై దాటిన తూర్పు గోదావరి మహిళకు దాత అండంతో ఐవీఎఫ్ (శరీరం బయట పిండాన్ని తయారుచేసే పద్ధతి) చేస్తే కవలలు పుట్టారు. దేశమంతా వార్త అయింది. దశాబ్దాలుగా గొడ్రాలు అనిపించుకున్న మనిషి ఆ మాట చెరిపేసుకోవాలనుకోవడాన్ని తప్పు పట్టే మనసు నాకు లేదు. ఆ మాట అన్న ఊరే తప్పు. అయినా పదో తరగతికి వచ్చేసరికి ఆ పిల్లల పక్కన ఎవరుంటారు అన్న ప్రశ్న డాక్టరు వేసుకోవాల్సిందే. ఇప్పుడు చట్టం ఐవీఎఫ్‌కు ఆడవాళ్ళకు 50, మగవాళ్ళకు 55 ఏళ్ళు గరిష్ఠ పరిమితిగా పెట్టింది. అండదానం చేసే ఆమె 23 నుంచి 35 ఏళ్ళ మధ్య ఉండాలని, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలని, ఏడు అండాలకు మించి తీయకూడదని కూడా పెట్టింది. హార్మోన్ ఇంజెక్షన్లతో అండాశయాలను ఉబ్బించి, ఒక అమ్మాయి దగ్గర మళ్ళీ మళ్ళీ అండాలు తీసే వ్యాపారానికి అడ్డుకట్ట అది.

జన్యు పరీక్షల విషయంలో కథ కొంచెం మారుతుంది. విశాఖ నుంచి ఘాట్ రోడ్డు ఎక్కి పాడేరు, అరకు వైపు వెళ్తే గిరిజన గూడేల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. ఎర్ర రక్తకణం కొడవలిలా వంగిపోయి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. ఒళ్ళంతా తట్టుకోలేని నొప్పులు, రక్తహీనత. ఈ జన్యువు ఒక్కటే ఉంటే మనిషి దాదాపు మామూలుగానే ఉంటాడు, పైగా మలేరియా ముదిరి ప్రాణం మీదికి రాకుండా కాపాడుతుంది. మన్యంలాంటి మలేరియా ప్రాంతాల్లో తరాల తరబడి ఆ జన్యువు నిలబడటానికి కారణం అదే. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ఒక్కోటి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, ఒక్క జన్యువుతో పుట్టే అవకాశం 50 శాతం, ఏదీ లేకుండా పుట్టే అవకాశం 25 శాతం.

2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ 40 ఏళ్ళ లోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలు చేసి కార్డులివ్వాలని, 2047 నాటికి జబ్బును నిర్మూలించాలని లక్ష్యం పెట్టుకుంది. జాతకాలు చూసుకున్నట్టు పెళ్ళికి ముందు కార్డులు చూసుకుంటే సరిపోతుంది అనే మాట వినడానికి తేలిగ్గా ఉంటుంది. దీన్ని ముందే చేసి చూసినవాళ్ళున్నారు. గ్రీసులో ఆర్కోమెనోస్ అనే చోట దశాబ్దాల కిందట ఇలాగే ఊరందరికీ పరీక్షలు చేసి ఫలితాలు చెప్పారు. ఏం జరిగింది? జన్యువు ఉన్నవాళ్ళకు ముద్ర పడింది. పెళ్ళి తప్పిపోతుందని చాలామంది సంగతి దాచేశారు. ఆపాలనుకున్న పెళ్ళిళ్ళు జరుగుతూనే ఉన్నాయి. సైప్రస్‌లో తలసీమియా అనే వంశపారంపర్య రక్త జబ్బుకు చేసిన పని ఫలించింది. అక్కడ పెళ్ళికి ముందు పరీక్ష చేయించుకున్నట్టు సర్టిఫికెట్ ఉండాలన్నారు గానీ ఫలితం ఏమిటో చర్చికి చెప్పనక్కర్లేదు. తెలిశాక పెళ్ళి చేసుకోవడం, మానుకోవడం, గర్భంలో పరీక్ష చేయించుకోవడం ఆ జంట ఇష్టం. చాలా జంటలు పెళ్ళి మానలేదు, గర్భంలో పరీక్ష దారి పట్టారు. జబ్బుతో పుట్టే పిల్లల సంఖ్య దాదాపు సున్నాకు వచ్చింది.

మన్యంలో కార్డు ఒక పద్దెనిమిదేళ్ళ అమ్మాయి చేతికి వస్తే ఏమవుతుందో ఆలోచించండి. అబ్బాయి కార్డులో ఏముందో అడిగే ధైర్యం ఎవరికి ఉంటుంది? అమ్మాయి కార్డు మాత్రం ఊరందరికీ తెలుస్తుంది. మైదానంలోనూ ఇంతే. మేనరికం సంబంధాల్లో ఒకే తాతమ్మ నుంచి వచ్చిన లోపం ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం ఎక్కువ, మేనమామ పెళ్ళిలో అయితే బావామరదళ్ళ పెళ్ళి కంటే రెట్టింపు. బిడ్డకు జబ్బొస్తే మాట మాత్రం తల్లికే పడుతుంది. జన్యువు ఇద్దరిదీ అని చెప్పే మనిషి రిపోర్టు ఇచ్చే చోటే కూర్చుని ఉండాలి, అదీ వాళ్ళ భాషలో చెప్పగలగాలి. గర్భంలో పరీక్ష చేయించుకోవాలన్నా వారాల లెక్క ఉంది. మామూలుగా 20 వారాలు, కొన్ని పరిస్థితుల్లో 24 వారాల దాకా చట్టం గర్భస్రావానికి అనుమతిస్తుంది, ఆ పైన అయితే బిడ్డకు తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి. కొండమీద నుంచి ఇద్దరు మనుషులు కూలి మానుకుని నగరానికి దిగిరావడానికే ఆ వారాలు కరిగిపోతాయి. ఇంకో మాట. హైడ్రాక్సీయూరియా మాత్రలు క్రమంగా వేసుకుంటే సికిల్ సెల్‌తో చదువుకుని, ఉద్యోగం చేసుకుని బతికేవాళ్ళున్నారు. ఆ సంగతి చెప్పకుండా గర్భం తీయించుకోమనడం సలహా కాదు.

పై విషయాలన్నీ ఒకేచోట కలిసిన సందర్భం అహ్మదాబాద్‌లో జరిగింది. తలసీమియాతో నెలనెలా రక్తం ఎక్కించుకుంటున్న కొడుకు కోసం తల్లిదండ్రులు ఐవీఎఫ్‌లో పిండాలను పరీక్షించి, జబ్బు లేనిదీ అన్నకు కణజాలం సరిపోయేదీ అయిన పిండాన్ని ఎంచుకున్నారు. 2018లో పాప పుట్టింది. 2020లో ఆమె ఎముక మజ్జను అన్నకు ఎక్కించారు. పిల్లాడికి రక్తం ఎక్కించాల్సిన అవసరం తప్పింది. పాప ఆరోగ్యంగా ఉంది, తల్లిదండ్రులకు ప్రాణం. ఎవరికైనా సంతోషం కలిగించే కథే. కానీ ఏడాదిన్నర పాపను ఎవరూ అడగలేదు, అడగడం సాధ్యం కూడా కాదు. మజ్జ మళ్ళీ ఊరుతుంది కాబట్టి సరే అనవచ్చు. రేపు అదే అన్నకు కిడ్నీ కావాల్సి వస్తే? అప్పటికి ఆమెకు పదేళ్ళుంటే? మన చట్టం మైనర్ల నుంచి బతికుండగా అవయవాలు తీసుకోవడాన్ని సాధారణంగా ఒప్పుకోదు, అది మంచిదే. మజ్జలాంటివాటికి మాత్రం పిల్లల తరఫున మాట్లాడే మనిషి ఒకరు తల్లిదండ్రులు కాకుండా ఉండాలి. అన్న ప్రాణం కోసం తపించే అమ్మానాన్నల మీద ఆ బరువు కూడా వేయకూడదు.

అడగడానికి వీల్లేని వాళ్ళు ఇంకా ఉన్నారు. దాత అండంతోనో వీర్యంతోనో పుట్టే పిల్లలు. మన చట్టంలో దాత వివరాలు గోప్యం. బ్రిటన్‌లో 2005 ఏప్రిల్ తరవాత దానం చేసినవాళ్ళ పేరు, పద్దెనిమిదేళ్ళు నిండిన బిడ్డ అడిగితే చెప్పాలి. మన దగ్గర ఎవరికీ చెప్పకండి, మీ బిడ్డే అనుకోండి అనే సలహా ఎక్కువ. చుట్టాల నోళ్ళకు భయపడే జంటకు ఆ మాట ఊరటనిస్తుంది, అర్థం చేసుకోగలను. కానీ బీపీ, షుగరు, క్యాన్సర్ మీ ఇంట్లో ఎవరికైనా ఉన్నాయా అని డాక్టరు అడిగిన ప్రతిసారీ ఆ బిడ్డ తనది కాని చరిత్ర చెబుతూ ఉంటాడు. సికిల్ సెల్, తలసీమియా పరీక్షలు పెళ్ళిళ్ళ దాకా వస్తున్న ఈ రోజుల్లో సంగతి ఎప్పటికీ దాగదు. చిన్నప్పుడే, అర్థమయ్యే మాటల్లో, అమ్మానాన్నల నోటితో చెప్పడమే మేలు. ఆ మాట ల్యాబ్ రిపోర్టులో చదువుకోవాల్సిన పరిస్థితి ఏ బిడ్డకూ రాకూడదు.